ఇద్దరు కృష్ణమాచార్యులు: యోగం పడమటికి నడిచిన రెండు దారులు

యోగం పడమటి దేశాలకు ఎలా చేరిందని ఎవరిని అడిగినా దాదాపు ఒకే కథ చెబుతారు. 1893లో వివేకానందుడు చికాగో సర్వమత సభలో మాట్లాడారు. 1920లో పరమహంస యోగానంద బోస్టన్‌లో ఓడ దిగారు. 1930లలో తిరుమలై కృష్ణమాచార్య మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. ఆయన దగ్గర నేర్చుకున్న బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్, ఇంద్రాదేవి ఆసనాలను ఖండాలు దాటించారు. 1952లో వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్‌కు అయ్యంగార్‌తో పరిచయమైంది. 1966లో అయ్యంగార్ పుస్తకం ‘లైట్ ఆన్ యోగా’ వచ్చింది. 1968లో బీటిల్స్ బృందం రిషీకేశ్ చేరింది. అక్కడితో కథ ముగుస్తుంది. ఇందులో అబద్ధం లేదు, కానీ ఇది సగం కథే. మిగతా సగంలో ఇంకో కృష్ణమాచార్యులు ఉన్నారు. ఆయన ఇంటిపేరు ఎక్కిరాల. 1926 ఆగస్టు 11న బాపట్లలో పుట్టారు. యోగం ఒంటికి సంబంధించిన సాధనగా ఒక దారిలో పోతే, చదువుగా, ధ్యానంగా, రోజువారీ నియమంగా మరో దారిలో పోయింది. ఆ రెండో దారి మన కృష్ణా డెల్టా మీదుగా కూడా సాగింది. దాన్ని మరచిపోయింది పడమటివాళ్లు కాదు, మనమే.

నిజానికి కాలక్రమం చూస్తే ముందు పడింది ఈ రెండో దారే. వివేకానందుడి ‘రాజయోగం’ 1896లో అచ్చయింది. అందులో ఆయన పతంజలి సూత్రాలను వివరించారు, హఠయోగాన్ని పక్కన పెట్టారు. ఒంటిని వంచే సాధనలు కష్టమైనవనీ, ఆత్మోన్నతికి వాటివల్ల కలిగేది తక్కువేననీ ఆయన అభిప్రాయం. ఆ పుస్తకం చదవడానికి సిద్ధంగా ఉన్న పాఠకులు పడమట అప్పటికే ఉన్నారంటే అందుకు ఒక ముఖ్య కారణం దివ్యజ్ఞాన సమాజం. 1875లో న్యూయార్క్‌లో మొదలైన ఆ సంస్థను నడిపిన బ్లావట్‌స్కీ, కర్నల్ ఆల్కాట్ 1882 మే నెలలో మద్రాసునుంచి బకింగ్‌హాం కాలువ మీద పడవలో ఉత్తరానికి బయల్దేరారు. నెల్లూరులో ఆగి, మళ్లీ పడవ ఎక్కి పెదగంజాం దాకా వచ్చారు. ఇవాళ్టి బాపట్ల జిల్లాలో ఉన్న ఆ ఊరి దగ్గరే బకింగ్‌హాం కాలువ కొమ్మమూరు కాలువతో కలుస్తుంది. అక్కడ పడవ దిగి, మండు వేసవిలో పల్లకీలెక్కి గుంటూరు వెళ్లారు. నెల్లూరులో, గుంటూరులో సమాజం శాఖలు ఏర్పడ్డాయి. అదే ఏడాది చివరికి వాళ్ల ప్రధాన కేంద్రం అడయారుకు మారింది. గీతను, ఉపనిషత్తులను, పతంజలిని ఇంగ్లిష్‌లో చదివి చర్చించే తెలుగు ప్లీడర్లు, బడి పంతుళ్లు, గుమాస్తాలు ఆ తర్వాతి తరాల్లో కోస్తా పట్టణాలన్నిటా కనిపిస్తారు. పడమటివాళ్లకు తూర్పును వివరించగల మనుషులు ఇక్కడ తయారవుతూ వచ్చారు.

ఈ దారికి దివ్యజ్ఞాన సమాజం ఒక పాయ అయితే, రెండో పాయ కుంభకోణంనుంచి వచ్చింది. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో 1868లో పుట్టిన కంచుపాటి వెంకటరావు వెంకాసామి రావు, అంటే సాధకులు మాస్టర్ సి.వి.వి. అని పిలుచుకునే గృహస్థు, 1910 మే 29న తన యోగమార్గాన్ని ప్రారంభించారు. దానికి భృక్తరహిత తారక రాజయోగం అని పేరు. అందులో సన్యాసం అక్కర్లేదు, అడవి అక్కర్లేదు. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి కూర్చుని గురువు పేరు తలచుకుని కళ్లు మూసుకోవాలి. లోపల జరిగేదాన్ని గమనిస్తూ ఉండాలి. ఈ మార్గం తెలుగునాట పండితుల్లోకి కూడా వెళ్లింది. రేపల్లె దాటి పెనుమూడి–పులిగడ్డ వంతెన మీదుగా కృష్ణ ఆవలి ఒడ్డుకు పోతే ఆ ప్రాంతంలోనే పెదకళ్లేపల్లి ఉంది. ఆ ఊళ్లో పుట్టిన వేటూరి ప్రభాకరశాస్త్రి ఆరోగ్యం చెడి కుంభకోణం వెళ్లి సి.వి.వి. శిష్యుడయ్యారు. తాళపత్రాలు వెదికి, పాఠాలు సరిచూసి, ఆధారం లేనిదే మాట రాయని పరిశోధకుడాయన. అలాంటి మనిషి తన యోగానుభవాలను ‘ప్రజ్ఞాప్రభాకరము’ అన్న పుస్తకంలో దాపరికం లేకుండా రాశారు. ఒంగోలులో మైనంపాటి నరసింహం ఇదే యోగాన్ని ఎందరికో నేర్పారు.

ఈ రెండు పాయలూ కలిసింది ఎక్కిరాల కృష్ణమాచార్యుల దగ్గర. ఆయన వేదం, పురాణం, జ్యోతిషం, తెలుగు కావ్యం చదివినవారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పినవారు, పద్యమూ నవలా రాసినవారు. హోమియో మందులు ఉచితంగా ఇచ్చే వైద్యశాలలు నడిపించారు. 1971లో విశాఖపట్నం కేంద్రంగా వరల్డ్ టీచర్ ట్రస్ట్ స్థాపించారు. ఆ తర్వాత 1984లో కన్నుమూసేలోపు పలుమార్లు యూరప్ వెళ్లి బెల్జియం, స్విట్జర్లాండ్ వంటి దేశాల్లో బోధించారు. బ్లావట్‌స్కీ రచనలు, ఆలిస్ బెయిలీ పుస్తకాలు చదివి, ధ్యానం నేర్పేవాళ్లకోసం చూస్తున్న చిన్న చిన్న బృందాలు అప్పటికే అక్కడ ఉన్నాయి. బెయిలీ 1927లోనే పతంజలి సూత్రాలకు వ్యాఖ్యానం అచ్చువేసి ఉన్నారు. వాళ్లు చదువుతున్న పుస్తకాల మూలాలు సంస్కృతంలో తెలిసిన మనిషి వచ్చి, వాళ్లకు అలవాటైన పదాల్లోనే వాటిని విప్పి చెప్పారు. యోగసూత్రాల మీద, జ్యోతిషం మీద ఆయన నేరుగా ఇంగ్లిష్‌లో పుస్తకాలు రాశారు. ఆయన తర్వాత బెజవాడలో పుట్టి విశాఖలో స్థిరపడిన కంభంపాటి పార్వతీ కుమార్ ఈ పనిని 2022లో మరణించేదాకా యూరప్‌లోను, అమెరికా ఖండాల్లోను కొనసాగించారు. జర్మనీలో ఈ బృందం పుస్తకాలు అచ్చువేసే సంస్థ పేరు ఎడిషన్ కులపతి. కులపతి అన్నది శిష్యులు కృష్ణమాచార్యులను పిలిచే బిరుదు. బాపట్ల మనిషి బిరుదు జర్మన్ పుస్తకాల అట్టల మీద కనిపిస్తోందన్న సంగతి మన జిల్లాలో ఎంతమందికి తెలుసు?

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది. ఆసనం లేదు, చాప లేదు, ఇది యోగం ఎలా అవుతుంది? దీనికి జవాబు పతంజలే ఇస్తాడు. ఆయన సూత్రాలు 195. వాటిలో ఆసనాన్ని ప్రత్యేకంగా వివరించేవి మూడే. ఆ మూడింటి సారాంశం కూడా కదలకుండా, ఇబ్బంది లేకుండా కూర్చోగలగాలి అన్నంతవరకే. తక్కిన గ్రంథం చాలామట్టుకు మనసు గురించీ, నడవడిక గురించీ, ధ్యానం గురించీ. ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. దానికి ముందు అహింస, సత్యం వంటి యమాలూ, శౌచం, సంతోషం వంటి నియమాలూ ఉన్నాయి. అందుకని ఆసనాన్ని తక్కువ చేయనక్కర్లేదు. హఠయోగ గ్రంథాలకు వాటి పరంపర వాటికుంది, అయ్యంగార్ దాన్ని శ్రద్ధగా, శాస్త్రబద్ధంగా నేర్పారు. కానీ మూడో అంగం నేర్పినవాళ్ల పేర్లు చరిత్రలో రాసి, మిగతా అంగాలు నేర్పినవాళ్లను యోగచరిత్రకు బయట నిలబెట్టడం న్యాయం కాదు.

రెండో ఆక్షేపణ ఇంకాస్త గట్టిది. దివ్యజ్ఞాన సమాజం మాటలు కలిసిన యోగం కల్తీ యోగం కదా, పడమటివాళ్లు తమ ఊహల్ని మన పేరుతో తిరిగి తీసుకున్నారంతే కదా అంటారు. కలయిక జరిగిన మాట నిజం. అయితే కలయిక లేని దారి ఏది? మార్క్ సింగిల్టన్ అనే పరిశోధకుడు 2010లో ప్రచురించిన ‘యోగా బాడీ’లో, 20వ శతాబ్దపు ఆసన పద్ధతుల మీద యూరప్ జిమ్నాస్టిక్స్, వ్యాయామ విద్యల ప్రభావం ఉందని ఆధారాలతో చూపించాడు. ఆయన నిర్ణయాలన్నీ అందరూ ఒప్పుకోకపోయినా, మైసూరు యోగశాల తన కాలపు గాలికి తలుపులు మూసుకుని కూర్చోలేదన్నది స్పష్టం. పైగా ఈ రెండు దారులు పడమట ఒకదాన్నొకటి తాకాయి కూడా. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని దివ్యజ్ఞాన సమాజం జగద్గురువుగా పెంచింది. 1929లో ఆయన ఆ హోదా కోసం ఏర్పడిన సంస్థను తానే రద్దు చేశారు. అదే కృష్ణమూర్తి 1960లలో స్విట్జర్లాండ్‌లోని గ్స్టాడ్‌లో అయ్యంగార్ దగ్గరా, ఆ తర్వాత మైసూరు కృష్ణమాచార్య కుమారుడు దేశికాచార్ దగ్గరా ఆసనాలు అభ్యసించారు. గ్స్టాడ్‌లో కృష్ణమూర్తికి ఆతిథ్యమిచ్చిన వాండా స్కారవెల్లి అనే ఇటాలియన్ మహిళ వాళ్ల దగ్గరే నేర్చుకుని, తర్వాత యూరప్‌లో పేరున్న యోగ గురువు అయింది. ఆలోచన దారిలో వెళ్లిన ఒక తెలుగువాడి వల్ల ఆసనం దారికి ఓ మలుపు దొరికిందన్నమాట. యోగం దేశం దాటినప్పుడల్లా అందుకునేవాళ్ల భాష కొంత తొడుక్కుంది. బౌద్ధం చైనా వెళ్లినప్పుడు జరిగింది కూడా అదే. కలిసిందా లేదా అన్నది కాదు, కలిసిన తర్వాత మూలగ్రంథం దగ్గరికి మనిషిని తీసుకెళ్లిందా లేదా అన్నది చూడాలి. ఎక్కిరాల వారు తన శ్రోతలను పతంజలి దగ్గరికి తీసుకెళ్లారు.

మూడో ఆక్షేపణ తెనాలి గాలి పీల్చిన ఎవరైనా అడిగేదే. త్రిపురనేని రామస్వామి చౌదరి, ఆవుల గోపాలకృష్ణమూర్తి వంటి హేతువాదులు ప్రశ్నించడం నేర్పిన ఊరది. గురువు పేరు తలచుకుంటే జబ్బు నయమవుతుందనడానికి రుజువేమిటి అని ఆ ఊరు అడుగుతుంది, అడగాలి కూడా. ధ్యానం వల్ల ఒత్తిడి, ఆందోళన కొంత తగ్గుతాయనడానికి పరిశోధనల మద్దతు ఉంది. దూరంనుంచి రోగాలు నయం చేయొచ్చనడానికి అలాంటి మద్దతు లేదు. హోమియో మందుకూ జాగ్రత్తగా జరిపిన పరీక్షల్లో నమ్మదగిన ఆధారం దొరకలేదు. చికిత్స అవసరమైన జబ్బుకు డాక్టరు దగ్గరికే వెళ్లాలి. కానీ ఒక విశ్వాసం నిజమా కాదా అన్నది ఒక ప్రశ్న, ఒక మనిషి చరిత్రలో ఏం చేశాడన్నది ఇంకో ప్రశ్న. ఫీజు పెట్టకుండా, యూనిఫారం లేకుండా, చదువునూ సేవనూ సాధనలో భాగంగా చూపిస్తూ యోగాన్ని యూరప్ ఇళ్లలోకి తీసుకెళ్లిన పద్ధతిని హేతువాది కూడా చరిత్రగా ఒప్పుకోవచ్చు.

చివరికి మిగిలేది సంఖ్య. అయ్యంగార్ పేరు తెలిసినవాళ్లు కోట్లలో ఉంటే ఎక్కిరాల పేరు తెలిసినవాళ్లు ఎందరు, ఒకరిద్దరి కథకు ఇంత ప్రాధాన్యమా అనొచ్చు. ఇది ఒకరిద్దరి కథ కాదు. భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు, అంటే స్వామి జ్ఞానానంద, హిమాలయాల్లో సాధన చేసి 1920ల చివర జర్మనీ వెళ్లి యోగం గురించి ఉపన్యాసాలిచ్చారు. అక్కడే భౌతికశాస్త్రం మీద మనసుపడి ప్రాగ్‌లో, లివర్‌పూల్‌లో పరిశోధనలు చేశారు. తిరిగొచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిర్మించారు. జ్ఞానానంద, కృష్ణమూర్తి, ఎక్కిరాల, పార్వతీ కుమార్ ఒకరి దారి ఒకరిది కాదు. అయినా నలుగురూ పడమటివాళ్లతో సమానంగా కూర్చుని వాదించగల చదువున్నవాళ్లు. విస్తరించింది ఎంతమేరకో కొలవాలంటే చాపల అమ్మకాలు సరిపోతాయి. ఎంత లోతుకు దిగిందో కొలవాలంటే ఇలాంటి మనుషుల్ని చదవాలి.

2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించింది. 177 దేశాలు ఆ తీర్మానానికి సహప్రతిపాదకులయ్యాయి. 2025లో ఆ రోజున విశాఖ సాగరతీరంలో 3 లక్షల మందికి పైగా కలిసి ఆసనాలు వేశారు. అదే ఊరినుంచి అంతకు దశాబ్దాల ముందే యోగాన్ని యూరప్‌కు తీసుకెళ్లిన తెలుగు ఉపాధ్యాయుడి పేరు కూడా ఆ రోజు పిల్లలకు తెలియాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె బడుల్లో, కాలేజీల్లో జూన్ 21న సూర్యనమస్కారాలు చేయించండి, మంచిదే. దానితోపాటు ఒక గంట పతంజలిని తెలుగులో చదివించండి. పెదగంజాం కాలువ దగ్గర ఎవరు పడవ దిగారో, పెదకళ్లేపల్లి పండితుడు ఏం రాశారో, బాపట్ల కృష్ణమాచార్యులు ఎక్కడెక్కడ ఏం బోధించారో చెప్పండి. ఆయన దగ్గర పాఠం విన్నవాళ్లు కొందరు ఇంకా ఉన్నారు. వాళ్ల ఉత్తరాలు, నోట్సు, రికార్డు చేసిన ఉపన్యాసాలు ఊరి గ్రంథాలయాలకు చేరేలా చూడండి. మన చరిత్ర మనం రాసుకోకపోతే యోగం కథలో తెలుగువాళ్ల పేజీ ఖాళీగానే మిగిలిపోతుంది.