శాంతా క్రజ్ దీవిలో వన్యప్రాణి సంరక్షణ

శాంతా క్రజ్ దీవి అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా తీరానికి సమీపంలో, పసిఫిక్ మహాసముద్రంలో ఉన్నది. ఛానెల్ దీవులు అనబడే ఎనిమిది దీవులలో ఇదే పెద్దది. దీని విస్తీర్ణం సుమారు 250 చదరపు కిలోమీటర్లు. ఇందులో 76 శాతం భూమి 'ది నేచర్ కన్సర్వెన్సీ' అనే లాభాపేక్ష లేని సంస్థకు చెందినది. మిగిలిన 24 శాతం ఛానెల్ దీవుల జాతీయోద్యానవనంలో భాగం. ప్రైవేటు భూములను కొనుగోలు చేసి గాని, దానంగా స్వీకరించి గాని ప్రకృతి కొరకు శాశ్వతంగా కాపాడే ఇటువంటి సంస్థలను భూ సంరక్షణ ట్రస్టులు అంటారు. అయితే భూమిని కొని ఊరక వదిలివేసినంత మాత్రాన వన్యప్రాణులకు రక్షణ లభించదని ఈ దీవి చరిత్ర వలన తెలుస్తున్నది.

చరిత్ర

ఈ దీవిలో వేల సంవత్సరాలపాటు చుమాష్ ఆదివాసులు నివసించారు. వారు దీనిని లిమూ అని పిలిచేవారు. 19వ శతాబ్దపు తొలి దశకాలలో వారు ప్రధాన భూభాగానికి తరలిపోగా, తరువాతి కాలంలో ఇది గొర్రెలు, పశువులు పెంచే క్షేత్రంగా మారింది. 1937లో ఎడ్విన్ స్టాంటన్ దీవిలో అధిక భాగాన్ని కొన్నాడు. ఆయన కుమారుడు, వైద్యుడు అయిన కేరీ స్టాంటన్ 1978లో కన్సర్వెన్సీతో ఒప్పందం చేసుకొన్నాడు. 1987లో ఆయన మరణానంతరం ఆ భూమి సంస్థ అధీనంలోకి వచ్చింది.

గొర్రెలు, సోపు మొక్కలు

కాపరి లేక అడవిపాలైన గొర్రెలు కొండలను గడ్డిపరక మిగలకుండా మేసివేయడంతో నేల కోతకు గురైంది. సంస్థ 1981లో మొదలుపెట్టి ఆ దశాబ్దంలోనే 37,000కు పైగా గొర్రెలను నిర్మూలించింది. పశువులను కూడ తరలించారు. అప్పుడు ఎవరూ కోరని ఫలితం ఒకటి వచ్చింది. తెలుగువారి వంటింట్లో సుపరిచితమైన సోపు, అక్కడ పరాయి మొక్క. మేసేవి లేకపోవడంతో అది మనిషి ఎత్తున పెరిగి మైదానాలను ఆక్రమించింది. ఆ గుబురులు అడవి పందులకు చక్కని చాటు అయినాయి.

నక్కల క్షీణత

ద్వీప నక్క పెంపుడు పిల్లి అంత ఉండే, సుమారు 2 కిలోల జంతువు. శాంతా క్రజ్ నక్క ఉపజాతి ఈ దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. దీనికి సహజ శత్రువులు లేనందున పగటిపూట కూడ నిర్భయంగా తిరిగేది. 1990ల ఆరంభంలో సుమారు 1,500 ఉన్న ఈ నక్కలు 2000 నాటికి వందకు లోపుగా మిగిలాయి.

కారణాన్ని వెదకగా సమస్య నక్క దగ్గర గాక సముద్రంలో మొదలైనట్లు తేలింది. పూర్వం ఇక్కడ బాల్డ్ ఈగిల్ అనే తెల్లతల గద్దలు ఉండేవి. అవి ముఖ్యంగా చేపలు తింటూ, ఇతర గద్దలను తమ ప్రాంతానికి రానిచ్చేవి కావు. సముద్రంలో చేరిన డి.డి.టి. చేపల ద్వారా వాటి శరీరంలోకి ప్రవేశించి గుడ్ల పెంకులను పలుచన చేసింది. 1960ల నాటికి అవి దీవినుండి మాయమయ్యాయి. 1990లలో బంగారు గద్దలు ప్రధాన భూభాగంనుండి వచ్చి స్థిరపడ్డాయి. పంది పిల్లలు వాటికి ఏడాది పొడుగునా ఆహారం కాగా, దొరికినప్పుడు నక్కలనూ పట్టుకొనేవి. పందులు లేకుంటే ఆ గద్దలు అక్కడ నిలదొక్కుకొనేవే కావు.

పునరుద్ధరణ

కన్సర్వెన్సీ, జాతీయోద్యానవన శాఖ కలిసి నాలుగు పనులు చేపట్టాయి. చట్టరక్షణ ఉన్న బంగారు గద్దలు 40కి పైగా సజీవంగా పట్టుబడి ప్రధాన భూభాగానికి తరలింపబడ్డాయి. నక్కలను బోనులలో పెంచి తిరిగి వదిలారు. 2002నుండి తెల్లతల గద్దల పిల్లలను తెచ్చి దీవిలో విడిచారు. 2006లో వాటి గూటిలో పిల్ల పుట్టింది. ఛానెల్ దీవులలో మానవ సహాయం లేకుండ ఇలా జరగడం 50 ఏళ్ళ తరువాత అదే మొదటిసారి. నాలుగవది అన్నిటికంటె కఠినమైన పని. దీవిని కంచెలతో ఐదు భాగాలుగా విభజించి, 2005-06లో 5,000కు పైగా పందులను చంపివేశారు.

దీనిని ఆపాలని కొందరు జంతు హక్కుల వాదులు న్యాయస్థానాన్ని ఆశ్రయించినా ఫలితం లేకపోయింది. వారి అభ్యంతరం తేలికగా కొట్టివేయదగినది కాదు. పందులు తమంతట తాము సముద్రం దాటి రాలేదు, మనుషులే తెచ్చారు. కాని వాటిని సజీవంగా తరలిస్తే రోగాలు వ్యాపించే ప్రమాదమున్నదని అధికారులు భావించారు.

2004లో అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చబడిన ఈ నక్క 2016లో దానినుండి తొలగింపబడింది. అప్పటికి సంఖ్య సుమారు 2,100కు చేరింది.

ఇతర విశేషాలు

ద్వీప స్క్రబ్ జే అనే నీలిరంగు పక్షి ఈ దీవికే పరిమితం. ఇది ఓక్ గింజలను ఆహారంగా దాచుకొనడానికి నేలలో పాతిపెడుతుంది. తినక మిగిలిన గింజలు మొలకెత్తి, ఒకప్పుడు గొర్రెలు మేసిన వాలులపై ఓక్ వృక్షాలు మళ్ళీ పెరుగుతున్నాయి. నక్కలకు రోగాలు సోకకుండ టీకాలు వేస్తారు. సందర్శకులు దీవికి కుక్కలను తీసుకురావడం నిషిద్ధం.