మూడు బ్లేడ్ల చాకు, మేటి ఉక్కు: రెండూ ఒకేచోట దొరుకుతాయా?

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు సూట్‌కేసుల్లో ఏం పెట్టి పంపాలన్నది మనందరికీ తెలిసిన సమస్యే. బాదంపప్పు, చాక్లెట్లు, విటమిన్ మాత్రలు... ఈసారి పిస్కాటవే వచ్చిన మా మామయ్యగారు మాత్రం వీటిలో ఏదీ వద్దన్నారు. ఆయన అడిగింది ఒక్కటే: మూడు బ్లేడ్లున్న మడత చాకు. ఆర్మూరు దగ్గర పసుపు, మామిడి పండించే మనిషి. సంచి సుతిలీ తెంపాలన్నా, మామిడి అంటు కట్టాలన్నా, జామకాయ కోయాలన్నా జేబులోంచి చాకు తీయాల్సిందే. "నేనున్నన్ని రోజులు ఉండాలె బిడ్డా" అన్నారు.

అంత మాట అన్నాక ఏదో ఒకటి కొనేయలేం కదా! పాత పద్ధతి చాకు, ఇప్పటి మేటి ఉక్కు రెండూ కలిసినది కొనిద్దామని రాత్రిపూట గిన్నెలు కడగడం అయ్యాక వెతకడం మొదలుపెట్టాను. వెతికినకొద్దీ తెలిసింది ఏమిటంటే, ఆ రెండూ ఒకేచోట దొరకడం చాలా అరుదు. ఎందుకు అరుదో తెలుసుకోవడం నాకు చాకు కొనడంకన్నా ఆసక్తిగా అనిపించింది.

మామయ్యగారు అడిగిన రకాన్ని ఇక్కడ స్టాక్‌మన్ అంటారు. పశువులు కాసేవాళ్ళ చాకు. మొన దేలిన బ్లేడు పొడవడానికీ, మామూలు పనులకూ. అంచు తిన్నగా ఉండేది తాడు, సంచి కోయడానికి. మొన మొద్దుగా ఉండేది మొదట్లో కోడెలకు విత్తులు తీయడానికి. లాక్ ఉండదు. పిడి వెనకున్న స్ప్రింగు బలంతోనే బ్లేడు నిలబడుతుంది. మన పక్క రాష్ట్రం పెన్సిల్వేనియా వీటికి పెట్టింది పేరు. బ్రాడ్‌ఫర్డ్ ఊళ్ళో కేస్ కంపెనీ, 1859లో నూనె బావి తవ్విన టైటస్‌విల్‌లో 2006 నుంచి గ్రేట్ ఈస్టర్న్ కంపెనీ ఇప్పటికీ చేస్తున్నాయి. గ్రేట్ ఈస్టర్న్ ఎక్కువగా వాడేది 1095 అనే సాదా కార్బన్ ఉక్కు. కేస్‌లో తుప్పు పట్టని రకం ఒకటి, కొద్దిగా క్రోమియం, వెనేడియం కలిపిన కార్బన్ ఉక్కు ఒకటి ఉన్నాయి. దాన్ని సీవీ అంటారు.

మరి మేటి ఉక్కులంటే? ఎస్30వీ, ఎస్35వీఎన్, ఎం390, 2021లో వచ్చిన మ్యాగ్నాకట్ లాంటివి. బీఎస్సీలో చదువుకున్న కెమిస్ట్రీ ఇక్కడ పనికొచ్చింది. ఉక్కులో పదును నిలబెట్టేవి కార్బైడు రేణువులు. మామూలుగా పోతపోస్తే అవి అక్కడక్కడ ముద్దలు కడతాయి, నీళ్ళలో ఒక్కసారిగా పోసిన ఉప్మా రవ్వలాగా. అందుకని కరిగిన ఉక్కును నైట్రోజన్ వాయువుతో చిమ్మి పొడి చేసి, ఆ పొడిని వేడిమీద గట్టిగా నొక్కి దిమ్మ చేస్తారు. రేణువులు సన్నగా, సమంగా సర్దుకుంటాయి. ఎస్30వీలో నాలుగు శాతం వెనేడియం ఉంటుంది. ఆ ఉక్కును తెచ్చిన క్రూసిబుల్ కంపెనీది, మనం నయాగరా వెళ్తూ దాటే సిరక్యూస్. 2024 డిసెంబరులో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

ఇక ఇవి మూడు బ్లేడ్ల చాకుల్లోకి ఎందుకు రావంటే, మొదటి కారణం శ్రమ. వెనేడియం కార్బైడు, ఉక్కును అరగదీసే మామూలు రాపిడి బెల్టుకన్నా గట్టిది. బెల్టులు త్వరగా అయిపోతాయి, అద్దంలా మెరుగు రాదు. ఒక్క బ్లేడుకే ఇంత పనైతే, మూడు బ్లేడ్లను ఒకదానికొకటి తగలకుండా ఒకే పిడిలో చేత్తో అమర్చాలంటే ఖర్చు ఎంతవుతుందో ఊహించుకోండి. రెండో కారణం అలవాటు. పాత చాకులు ఇష్టపడేవాళ్ళకు కార్బన్ ఉక్కు వాడగా వాడగా నల్లబడటమే ముచ్చట.

మూడో కారణం నాకు అన్నిటికన్నా నచ్చింది. అన్ని బ్లేడ్లు ఉన్నదే ఉక్కు త్వరగా మొద్దుబారుతుంది గనక! తాడుకు ఒకటి, పండుకు ఒకటి. ఒకటి మొండిదైతే ఇంకోటి తెరువు. మేటి ఉక్కు ఆ అవసరాన్ని తగ్గించేసింది. అందుకే కేస్ ఎస్35వీఎన్‌తో చేసిన కొన్ని చాకులు గానీ, ఇటలీలోని మానియాగోలో లయన్‌స్టీల్ ఎం390తో చేసే చాకులు గానీ చాలావరకు ఒంటి బ్లేడువే. రెండు కోరికలకూ దగ్గరగా వచ్చింది టైటస్‌విల్‌లోని క్వీన్ కంపెనీ. డీ2 అనే టూల్ స్టీల్‌తో రెండు, మూడు బ్లేడ్ల చాకులు చేసేది. అది 2018లో మూతబడింది. ఇప్పుడు దొరికేది పాత సరుకే.

ఈ వెతుకులాటలో మామయ్యగారి జిల్లా పేరే ఎదురైంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మట్టి మూసల్లో ఇనుము కరిగించి చేసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కెళ్ళేవారు. లోకం దాన్ని వూట్జ్ అంది. 1819లో లండన్‌లో మైకేల్ ఫారడే వూట్జ్‌ను పరీక్షించి రాశాడు. దాంట్లో కార్బన్ ఇంచుమించు ఒకటిన్నర శాతం, ఎస్30వీలోనూ అంతే. వూట్జ్ కత్తుల మీద కనిపించే అలల గీతలకు ఖనిజంతోపాటు వచ్చిన రవ్వంత వెనేడియం కారణమని 1998లో అమెరికా పరిశోధకులు తేల్చారు. అన్నట్టు, క్రూసిబుల్ అంటే మూసే!

ఇదంతా చెబితే మామయ్యగారు శ్రద్ధగా విని ఒకే ప్రశ్న వేశారు. "మరి మా ఇంట్ల ఉన్న రాయి మీద నూరొస్తదా?"

అసలు విషయం అక్కడుంది. సాదా నూరుడు రాయి వెనేడియం కార్బైడును అరగదీయలేదు. చుట్టూ ఉన్న ఉక్కు అరుగుతుంది, అదీ చాలా నెమ్మదిగా. డైమండ్ పలక కావాలి. అది అరిగాక ఆర్మూరులో ఎక్కడ వెతుకుతారు? పదును ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది ఒక లెక్క, పోయిన పదును మళ్ళీ మన చేత్తో తెచ్చుకోగలమా అన్నది ఇంకో లెక్క. జీవితాంతం ఉండాల్సిన వస్తువుకు రెండోదే ముఖ్యం. అందుకే కేస్ సీవీ స్టాక్‌మన్ తీసుకున్నాం, పసుపు రంగు పిడిది. రాయి మీద నాలుగు రాపిళ్ళకే ఆయన చేతిలో పదును తేలింది.

మీరూ కొనాలనుకుంటే నాకు తోచింది ఇది. ఇక్కడే వాడేవాళ్ళకు, డైమండ్ పలక ఇంట్లో పెట్టుకోగలిగేవాళ్ళకు మేటి ఉక్కు ఒంటి బ్లేడు చాకు హాయి. ఊరికి పంపేదైతే కార్బన్ ఉక్కు మూడు బ్లేడ్లది. నిమ్మకాయ, మామిడికాయ కోసిన వెంటనే కడిగి, తుడిచి, చుక్క నూనె రాయమని చెప్పండి. విమానంలో చేతిసంచిలో చాకు పనికిరాదు. గట్టిగా చుట్టి చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. ఇంట్లో బడికెళ్ళే పిల్లలుంటే, ఆటలో పడి అది స్కూల్ బ్యాగులోకి చేరకుండా పై అరలో దాచండి. బడిలో బయటపడితే చాకు ఎంత చిన్నదైనా గొడవ చిన్నది కాదు.