ట్రైలరా? టిప్పరా? – సూరత్ నగరం నేర్పిన లెక్క

సూరత్ పేరు వినగానే మనకు ముందుగా స్ఫురించేవి చీరెలు, జరీ, వజ్రాల సానపట్టు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుండి తరలివెళ్లి అక్కడి లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో మరమగ్గాలపై జీవనం సాగిస్తున్న తెలుగు నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 1994 సెప్టెంబరులో మాత్రం ఆ నగరం పేరు వేరొక కారణం చేత ప్రపంచమంతటా మారుమ్రోగింది. తాపీ నది వరద తీసిన వీధులలో బురద, చెత్త కుళ్లుతూ ఉండగా ప్లేగు వార్త పొక్కింది. కొద్ది రోజులలోనే లక్షలాది ప్రజలు దొరికిన రైలు, దొరికిన బస్సు ఎక్కి ఊరు విడిచిపోయారు. మరణించినవారు సుమారు యాభైమంది. భయం మాత్రం సముద్రాలు దాటి, కొన్ని దేశాలు మనకు విమానాలు నడపటమే మానుకున్నాయి. వ్యాధి మూలాన్ని గురించి వైద్యులు చాలాకాలం వాదించుకున్నారు. వీధులలో ఎత్తకుండా మిగిలిన చెత్త విషయంలో మాత్రం ఎవరికీ భేదాభిప్రాయం లేదు.

1995 మే నెలలో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన శ్రీ ఎస్.ఆర్. రావు – ఆయన తెలుగువారు – నగరాన్ని ఆరు మండలాలుగా పరిపాలించి, అధికారులను ప్రతిదినం వీధులలోనికి పంపి, ప్రధాన రహదారులను రాత్రివేళ ఊడ్పించారు. 1996 లో ఇంటాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తరువాత దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా పేర్కొన్నది. ఈ కథను సాధారణంగా ఒక అధికారి దీక్షకు నిదర్శనంగా చెబుతారు. అది నిజమే. అయితే ఊడ్చిన చెత్త దానంతట అది ఊరు దాటదు. దానిని ఎవరో ఎత్తాలి, ఏదో ఒక బండి మోయాలి. ఏ బండి అన్న ప్రశ్న మన టౌన్‌షిప్పుల పారిశుద్ధ్య విభాగాలకు, కర్మాగారాల సివిల్ విభాగాలకు కూడా నిత్యం ఎదురయ్యేదే. ట్రాక్టరుకు తగిలించే టిప్పింగ్ ట్రైలర్ కొనటమా, లేక ఉన్న పాత లారీకి ఎత్తి కుమ్మరించే తొట్టి అమర్చుకొని టిప్పరుగా మార్చటమా?

ముందుగా ఒక మాట. మన కృష్ణా, గుంటూరు జిల్లాలలో ట్రాక్టరు వెనుక తొట్టిని ‘ట్రక్కు’ అంటారు. తెలంగాణలో ‘ట్రాలీ’ అంటారు. ఇతర రాష్ట్రాలలో ట్రక్కు అంటే లారీయే. ఈ మాటల తికమకలో టెండర్లు తలక్రిందులు కాగలవు. కావున ఈ వ్యాసంలో ట్రైలర్, లారీ అనే పదాలనే వాడుచున్నాను.

ఈ ఎంపికను చాలామంది ధరతో ప్రారంభిస్తారు. నా అభిప్రాయంలో గడియారంతో ప్రారంభించాలి. ఉదాహరణకు 3 టన్నుల ట్రైలర్లు మూడు, వాటికి ఒక ట్రాక్టరు ఉన్నవనుకొందాము. మరొకవైపు 6 టన్నుల చెత్త పట్టే టిప్పరు ఒకటి. రెండింటికీ చెత్త ఎత్తేవారు ఎనిమిదిమందే. నలుగురు కలిసి గంటకు 3 టన్నులు ఎత్తుతారని లెక్కకు తీసుకొందాము. ట్రాక్టరు సగటు వేగం గంటకు 15 కిలోమీటర్లు, లారీది 30. రెండింటికీ కుమ్మరించుటకు 10 నిమిషాలు. ట్రైలర్ విప్పి తగిలించుటకు మరి 4 నిమిషాలు.

కుమ్మరించే స్థలం 2 కిలోమీటర్ల దూరంలో ఉంటే, ట్రాక్టరు వెళ్లి రావడానికి మొత్తం 30 నిమిషాలు పడుతుంది. అది ఒక ట్రైలర్‌ను లాగుతూ ఉండగా మిగిలిన రెండూ నిండుతూ ఉంటాయి. 8 గంటల షిఫ్టులో 16 ట్రిప్పులు, 48 టన్నులు. టిప్పరు నిండుటకు గంట, తిరిగి వచ్చుటకు 18 నిమిషాలు. 6 ట్రిప్పులు, 36 టన్నులు. పైగా అది రోడ్డు మీద ఉన్నంతసేపు ఎనిమిదిమందీ ఖాళీగా కూర్చుంటారు, నిండుతున్నంతసేపు ఇంజను, డ్రైవరు ఖాళీగా ఉంటారు.

అదే స్థలం 20 కిలోమీటర్ల దూరంలో ఉంటే లెక్క తిరగబడుతుంది. ట్రాక్టరు ఒక్క ట్రిప్పుకే దాదాపు మూడు గంటలు తింటుంది. షిఫ్టులో రెండు ట్రిప్పులు, 6 టన్నులు. టిప్పరు రెండున్నర గంటలకు ఒకటి చొప్పున మూడు ట్రిప్పులలో 18 టన్నులు చేరవేస్తుంది.

సూరత్ వంటి నగరాలు ఈ చిక్కునే ఎదుర్కొన్నవి. ఊరు పెరిగిన కొలదీ డంపింగ్ యార్డు దూరం జరుగుతుంది. సూరత్ జనాభా 1991 లో సుమారు 15 లక్షలు, 2011 నాటికి 44 లక్షలు దాటింది. తరువాతి సంవత్సరాలలో ఆ నగరం రెండింటిలో ఒకదానిని ఎన్నుకోక, పనినే రెండుగా విడదీసింది. చిన్న బండ్లు ఇళ్ల నుండి తెచ్చిన చెత్తను నగరంలోని బదిలీ కేంద్రాలలో పెద్ద కంటైనర్లలోనికి అదిమి నింపి, పెద్ద వాహనాలపై ఊరి వెలుపల ఖజోద్‌కు తరలించే పద్ధతి నెలకొన్నది. 2023 సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇందోర్‌తో కలిసి ప్రథమ స్థానం పొందినది. మన టౌన్‌షిప్పులకు బదిలీ కేంద్రాలు అవసరం లేకపోవచ్చు. విడదీయడమనే ఆలోచన మాత్రం అరువు తెచ్చుకోదగినదే.

పై లెక్కలో ఒక లోపం ఉన్నది. ఏ మనిషీ ఎనిమిది గంటలపాటు ఒకే వేగంతో గంప ఎత్తలేడు. ట్రైలర్ అడుగు నేల నుండి మీటరు ఎత్తున ఉంటుంది. లారీ ఛాసిస్‌పై సబ్‌ఫ్రేము, దానిపై తొట్టి, చెత్త కోసం పెంచిన ప్రక్క పలకలు కలిపితే అంచు రెండు మీటర్లు దాటుతుంది. అంటే తడిసి బరువెక్కిన గంపను ప్రతి సారీ తలపైకి ఎత్తి విసరాలి. అందులోని మురుగు ఎత్తినవారి ముఖం మీదనే కారుతుంది. టిప్పరు కొనుగోలు ఫైలులో ఈ ఎత్తును గురించిన గడి ఏదీ ఉండదు. చేతితో ఎత్తే పని ఉన్నచోట ట్రైలర్ మేలు. టిప్పరే కావాలంటే లోడరునో, బండిని దించి నిలిపే ర్యాంపునో దానితోబాటే మంజూరు చేయించుకోవాలి.

ఇక సరుకు సంగతి. మన ఊళ్ల చెత్త ఘనపు మీటరుకు సుమారు అర టన్ను తూగుతుంది. 6 టన్నులకు 12 ఘనపు మీటర్ల తొట్టి కావాలి. అదే తొట్టిలో ఇసుక నింపితే 19 టన్నులు! 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి విడిచిన నీటితో తాపీ పొంగి సూరత్‌లో అత్యధిక భాగం మునిగినప్పుడు, వీధులలో మిగిలినది చెత్త మాత్రమే కాదు, ఒండ్రుమట్టి కూడా. తడి ఒండ్రు చెత్తకు మూడింతలకు పైగా బరువు. కావున తొట్టి లోపలి గోడపై ఇసుక, మట్టి ఎంతవరకు నింపవచ్చునో ఎర్రరంగుతో గీత గీయించటం వర్షాకాలానికి ముందే జరగాలి.

లారీని టిప్పరుగా మార్చుటలో మెళకువలు అనేకం. 10 సెంటీమీటర్ల వ్యాసం గల హైడ్రాలిక్ జాకీ, చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడిపై దాదాపు 11 టన్నుల 700 కిలోల బలంతో నెడుతుంది. ఇది కాగితం మీద ధారాళంగానే కనిపిస్తుంది. అయితే జాకీని తొట్టి అడుగున ఏటవాలుగా బిగిస్తే మొదటి ఎత్తుకు సరుకు బరువును మించిన బలం కావలసి వస్తుంది. తొట్టి ముందు అంచున నిలువుగా బిగించే టెలిస్కోపిక్ జాకీకి బరువులో సుమారు సగమే మొదట భారమవుతుంది. దాని ఖరీదు ఎక్కువ. సరుకు లారీల ఛాసిస్ పొడవు. టిప్పరు కోసమే కంపెనీ చేసిన ఛాసిస్ పొట్టిది. పొడవైన దానిపై ఎత్తిన తొట్టి మెత్తని యార్డులో ఒక ప్రక్క చక్రాలు దిగితే చాలు, బండి మొత్తం పడిపోతుంది. ఛాసిస్‌ను కోసి అతికే వర్క్‌షాపులకు దూరంగా ఉండటమే మంచిది. సబ్‌ఫ్రేమును బోల్టులతో బిగించాలి గాని ఛాసిస్‌కు వెల్డింగ్ చేయరాదు.

ట్రైలర్‌కూ దాని రోగాలు దానికున్నవి. జాకీలోనికి పోయేది ట్రాక్టరు గేరుపెట్టెలోని నూనెయే. గొట్టాల మూతికి దుమ్ము అంటితే అది నేరుగా ట్రాక్టరు కడుపులోనికి చేరుతుంది. రెండు చక్రాల ట్రైలర్‌ను ఎత్తునప్పుడు బరువు ఇరుసు వెనుకకు జరిగి ముందరి కొక్కెం పైకి లేస్తుంది; పిన్నుకు లాకు లేకపోతే అది ఊడివస్తుంది. బ్రేకులు లేని ట్రైలర్ నిండు బరువుతో ఫ్లైఓవర్ దిగుతుంటే ట్రాక్టరును వెనుక నుండి త్రోస్తుంది.

చట్టపరంగా, లారీ రూపం మార్చుటకు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వర్తిస్తుంది. రవాణా శాఖ అనుమతి పొంది ఆర్.సి. లో మార్పు నమోదు చేయించాలి. భీమా కంపెనీకి కూడా తెలియజేయాలి, లేకపోతే ప్రమాదం జరిగిన దినాన వారు కాగితం తిరగేసి చేయి విదిలిస్తారు. ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. వ్యవసాయం పేరిట నమోదైన ట్రాక్టరును ఈ పనికి తిప్పరాదు.

బిల్లు చెల్లించే ముందు వర్క్‌షాపు వారిని ఒక పరీక్ష అడగండి. తొట్టిని నిండు బరువుతో సగం ఎత్తించి, ఇంజను ఆపించి, అంచు ఎత్తును టేపుతో కొలిచి, పది నిమిషాల తరువాత మరల కొలవండి. దిగినట్లయితే వాల్వులోనో, జాకీ సీళ్లలోనో నూనె జారుచున్నదన్నమాట. దిగకపోయినప్పటికీ, ఎత్తిన తొట్టి క్రిందికి గ్రీజు పెట్టుటకో, అంటుకొన్న చెత్త గీకుటకో మనిషి దూరవలసిన సమయం వస్తుంది. గొట్టం ఒకటి పగిలితే తొట్టి క్షణాలలో దిగిపోతుంది. అందుకే తొట్టిని నిలిపి ఉంచే ఇనుప ఊతకర్రను కొనుగోలు ఆర్డరులోనే వ్రాయించి, బండికి గొలుసుతో కట్టించి, ఖాళీ తొట్టిని ఎత్తినప్పుడు దానిని నిలబెట్టి చూపమని డ్రైవరును అడగండి.