విపత్తు విరాళాలు – ఆన్‌లైన్ సమూహాల పాత్ర

1996 నవంబరు 6న కోనసీమను తుఫాను దెబ్బతీసినప్పుడు, దూరాన ఉన్న దాతలకు మనియార్డర్లు, బ్యాంకు డ్రాఫ్టులే ప్రధాన మార్గాలు. రెండు దశాబ్దాలు తిరక్కముందే పరిస్థితి మారింది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చిన కొద్ది రోజుల్లోనే ఫేస్‌బుక్ వినియోగదారులు కోటి డాలర్లకు పైగా విరాళమిచ్చారు. ఈ వేగానికి కారణం సాంకేతికత ఒక్కటే కాదు. తెలిసినవారు పంపిన విజ్ఞప్తిని మనం త్వరగా నమ్ముతాం.

అయితే ఆ నమ్మకమే మోసానికీ దారి కావచ్చు. 2020లో పీఎం కేర్స్ నిధి యూపీఐ చిరునామాలో ఒక్క అక్షరం తగ్గించి మోసగాళ్లు నకిలీ చిరునామా సృష్టించారు. పంపినవారిని నమ్మడం వేరు, ఖాతాను నమ్మడం వేరు అని విద్యార్థులు గ్రహించాలి. రేపు గోదావరి వరదల వేళ మీ వాట్సాప్ సమూహానికి విజ్ఞప్తి వస్తే, ఖాతా వివరాలను సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి, రసీదు అడగండి. మీరే సేకరిస్తే, జమాఖర్చులను సభ్యుల ముందుంచండి.