పాత పుంటో.. పనిచ్చే పాఠం!

సెకండ్‌ హ్యాండ్‌లో తక్కువకు వచ్చిందని నాన్న కొన్న ఫియట్‌ పుంటోనో, బాబాయి వాడి వదిలేసిన పాలియోనో మీ ఇంటి ముందు దుమ్ము పట్టి ఉందా? ‘కంపెనీ కార్లే అమ్మట్లేదు, ఇక ఇనుప సామానుకే’ అంటున్నారా? ఐటీఐ, డిప్లొమా, బీటెక్‌ మెకానికల్‌ చదువుతున్న మీరు మాత్రం తొందరపడకండి. మహబూబ్‌నగర్‌లో ఇంటి దగ్గరే దొరికిన ల్యాబ్‌ అది!

ఒక ఇంజిన్‌.. ఎన్నో కార్లు

ఇటలీకి చెందిన ఫియట్‌ మన దేశంలో పాలియోను 2001లో, గ్రాండే పుంటోను 2009లో తెచ్చింది. 2019లో అమ్మకాలు ఆపేసింది. అయితే పుంటో డీజిల్‌లోని 1248 సీసీ మల్టీజెట్‌ ఇంజిన్‌నే మారుతి స్విఫ్ట్‌, డిజైర్‌, టాటా ఇండికా విస్టాల్లోనూ వాడారు. 2020లో బీఎస్‌-6 నిబంధనలు వచ్చేదాకా అది నడిచింది. అంటే పుంటో మీద నేర్చుకున్న పని షెడ్డుకొచ్చే స్విఫ్ట్‌ మీదా పనికొస్తుంది.

ముందు కారణం.. తర్వాతే పానా

* బ్యాటరీ: బండి కొన్ని గంటలు ఆగి ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో చూస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. స్టార్ట్‌ చేశాక 14 వోల్టుల దగ్గరికి పెరగాలి. పెరగకపోతే ఆల్టర్నేటర్‌ను, బెల్టును, వైర్లను అనుమానించాలి. అప్పుడు కొత్త బ్యాటరీ కొన్నా డబ్బు దండగే.
* కూలెంట్‌: పాలమూరు ఎండల్లో ఇదే ప్రాణం. బోరు నీళ్లు పోస్తే లవణాలు పేరుకుంటాయి. కూలెంట్‌లో డిస్టిల్డ్‌ వాటరే కలపాలి. మాటిమాటికీ తగ్గుతుంటే పోస్తూ పోకుండా లీకు ఎక్కడో వెతకండి. ఇంజిన్‌ వేడిగా ఉన్నప్పుడు మూత తీయొద్దు.
* స్కానర్‌: ఓబీడీ కోడ్‌ ఆనవాలు మాత్రమే, తీర్పు కాదు. సెన్సర్‌ పేరు కనిపించిందని వెంటనే మార్చేయకండి. కనెక్టర్‌ వదులైనా, ఎర్త్‌ వైరు తుప్పు పట్టినా అదే కోడ్‌ రావచ్చు.
* ఆయిల్‌: ఈ డీజిల్‌ ఇంజిన్‌లో టైమింగ్‌ చైన్‌ ఉంటుంది. అది బాగుండాలంటే సమయానికి ఆయిల్‌ మార్చాల్సిందే.

డీజిల్‌ పైపుల్లో ఒత్తిడి 1000 బార్‌ దాటుతుంది. వాటిని, ఎయిర్‌బ్యాగ్‌ను ముట్టుకోవద్దు. బ్రేకులు, టైమింగ్‌ పని అనుభవజ్ఞుడైన మెకానిక్‌ పక్కన ఉంటేనే చేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు దూరకండి, స్టాండ్లు పెట్టాలి.

నోట్‌బుక్కే బయోడేటా

ప్రతి రిపేరుకూ ఒక పేజీ కేటాయించండి. లక్షణం ఏంటి, ఏం కొలిచారు, కారణం ఏం తేలింది, ఎంత ఖర్చయింది.. రాసి పెట్టండి. ‘బండి స్టార్ట్‌ కావట్లేదు, ముందు ఏం చూస్తావు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే సిలబస్‌ అప్పజెప్పేవాళ్లు తడబడతారు. చేతితో చేసినవాళ్లు వరసగా చెప్పేస్తారు.

ఈ నైపుణ్యానికి దారులు చాలానే ఉన్నాయి. పది పాసైనవారికి ఐటీఐలో రెండేళ్ల మోటార్‌ మెకానిక్‌, ఏడాది డీజిల్‌ మెకానిక్‌ ట్రేడ్‌లు, ఆపైన స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్‌ ఉంటాయి. డిప్లొమా, డిగ్రీ ఉంటే సర్వీస్‌ అడ్వైజర్‌, పాత కార్ల వాల్యుయేటర్‌, బీమా సర్వేయర్‌ కొలువులకు ప్రయత్నించొచ్చు. అసిస్టెంట్‌ మోటార్‌ వెహికల్‌ ఇన్‌స్పెక్టర్‌ పోస్టులకూ ఈ చదువులే కావాలి. రేపు ఎలక్ట్రిక్‌ బండ్లకు మారినా తప్పు వెతికే పద్ధతి మారదు.

సొంత కారు రిజిస్ట్రేషన్‌ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్‌ చూపించి రెన్యువల్‌ చేయించుకోవాలి. 2009 పుంటోలకు ఆ గడువు దాటింది. లైట్లు, హారన్‌, బ్రేకులు, పొగ.. ఏది పాసవుతుందో, ఏది కాదో జాబితా రాయండి. ఖర్చు బండి విలువను మించితే వదిలేయమని నాన్నకు లెక్కతో సహా చెప్పండి. ఉంచాలా, అమ్మాలా అన్నది అంకెలతో తేల్చగలిగితే.. మీ మొదటి ప్రాజెక్టు పూర్తయినట్టే!