రెండూ బూడిద రంగులే.. గోడకు ఏది?

మదనపల్లె: గోడకు సున్నం, అడుగున ఎర్రమన్ను పట్టె. ఒకప్పుడు ఇంటి రంగుకు ఇంతకు మించి ఆలోచన ఉండేది కాదు. తెలుపు మెరవాలంటే సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేవారు. ఇప్పుడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం.. ఎక్కడ రంగుల కొట్టు మెట్టెక్కినా పుస్తకమంత షేడ్ కార్డు చేతిలో పెడుతున్నారు. అందులో బాగా తికమక పెట్టేది బూడిదకు మట్టి రంగు కలిసిన ఛాయ. పక్కపక్క గళ్లు కవల పిల్లల్లా ఉంటాయి. ఇంటాయన ఒకటంటే ఇల్లాలు మరొకటంటుంది.

తేడా ఏముందిలే అని ఏదో ఒకటి తెస్తే గోడకెక్కాక తెలుస్తుంది. ఒకటి గులాబీ వైపు, మరొకటి పచ్చ వైపు మొగ్గుతుంది. యంత్రంలో కలిపిన రంగును కొట్టువాళ్లు మామూలుగా వెనక్కి తీసుకోరు. 10 అడుగుల ఎత్తు, 10కి 12 అడుగుల గదిలో తలుపులు, కిటికీలు పోను దాదాపు 400 చదరపు అడుగుల గోడ ఉంటుంది. లీటరు ఎమల్షన్ రెండు పూతలకు సుమారు 60 నుంచి 70 చదరపు అడుగులు వస్తుంది. అంటే ఆరేడు లీటర్లు! మళ్లీ వేయించాలంటే పెయింటరు కూలి వేరే.

మొగ్గు తెలియాలంటే తెల్ల కాగితం చాలు. రెండు గళ్లనూ దానిమీద పక్కపక్కన ఉంచి పగటిపూట వాకిట్లో నీడపట్టున చూడాలి. నీరుగట్టువారిపల్లె పట్టుచీర కొనే ఆడవాళ్లు దాన్ని గుమ్మం బయటికి తెచ్చి చూడనిదే డబ్బివ్వరు గదా. మగవాళ్లకు ఆ తెలివి రంగు డబ్బా దగ్గర ఎందుకు రాదో!

గదిని బట్టి కూడా రంగు మారుతుంది. ఉత్తరం కిటికీ ఒక్కటే ఉన్న గదిలో వెలుతురు కాస్త నీలంగా ఉంటుంది. అక్కడ మట్టి పాలు ఎక్కువున్న ఛాయ నయం. పడమటి గదిలో సాయంత్రం ఎండ ఎర్రబారుతుంది కాబట్టి బూడిద పాలు ఎక్కువున్నది ఇముడుతుంది. ఎర్ర గచ్చు తన ఎరుపును గోడమీదికి తోస్తుంది. కుప్పం గ్రీన్ పేరుతో అమ్మే గ్రానైటు పరిస్తే, గోడలోని గులాబీ మొగ్గు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రెండింటిలోనూ చిన్న డబ్బాలు తెచ్చి, పెద్ద అట్టముక్కలకు తెల్ల అంచు వదిలి రెండేసి పూతలు వేయాలి. ఆరాక వాటిని ఏ గోడకైనా ఆనించి ఉదయం, సాయంత్రం, రాత్రి దీపం వేశాక చూడొచ్చు. పసుపు బల్బు కింద నచ్చింది తెల్ల ఎల్‌ఈడీ కింద నచ్చకపోవచ్చు. చేత్తో రుద్దితే సున్నం రాలే పాత గోడైతే ముందు గీకించి, ప్రైమర్ వేయించాలి. లేకుంటే ఏ రంగైనా పెచ్చులుగా లేస్తుంది.

ఇంత చేసినా తేల్చుకోలేకపోతే లేత రంగే తీసుకోవడం మంచిది. నాలుగు గోడలకూ పూశాక ఏ రంగైనా కార్డు మీదకంటే చిక్కగానే కనిపిస్తుంది.