మీకు తెలుసా? గుండె మందుకు దారి చూపింది పామే!

ప్రకాశం బ్యారేజీకి గేట్లు 70. మరి మీ ఒంట్లో ఒక్క ప్లేట్‌లెట్ మీద అతుక్కునే ప్రోటీన్లు ఎన్నో తెలుసా? దాదాపు 80,000! పేరు ఇంటిగ్రిన్. గుండె డాక్టర్ల నోట ‘టూబీ-త్రీఏ’. మామూలప్పుడు అన్నీ మూసుకునే ఉంటాయి. కత్తిపీట మీద వేలు తెగిందా, చటుక్కున తెరుచుకుంటాయి! ప్లేట్‌లెట్లన్నీ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. నెత్తురు ఆగిపోతుంది!

చిక్కల్లా ఏమిటంటే, తెగింది వేలో గుండె నాళమో ప్లేట్‌లెట్లకు తెలీదు! నాళం లోపల కొవ్వు పొర చిట్లినా అదే హడావిడి. ఆ నాళం వెడల్పేమో 3, 4 మిల్లీమీటర్లు! చిన్న గడ్డ చాలు, గుండెపోటే!

ఇప్పుడు అసలు రహస్యం వినండి. 2018 ఆగస్టులో పాముకాట్లతో దివిసీమ హడలిపోయింది, గుర్తుందా? మోపిదేవిలో శాంతి పూజలు కూడా చేశారు! కానీ పాముల జాతిలోనే గుండెకు పనికొచ్చే ఉపాయం దాగుంది! ఒళ్లు ఒంటికి రాసుకుంటూ రంపం కోసినట్టు చప్పుడు చేసే చిన్న పింజర ఒకటుంది. మెట్ట నేలల పాము. దాని విషంలో ఎకిస్టాటిన్ అనే బుల్లి ప్రోటీన్ దొరికింది. అందులో ఉన్నవి 49 అమైనో ఆమ్లాలే! అయితేనేం, సూటిగా వెళ్లి ఇంటిగ్రిన్ నోరు నొక్కేస్తుంది! ప్లేట్‌లెట్లు ఇక పట్టుకోలేవు!

శాస్త్రవేత్తలు ఊరుకుంటారా? ఆ ఆకారాన్నే చూసి ల్యాబులో మందు తయారుచేశారు. టైరోఫిబాన్! 1998లో అమెరికా అనుమతి వచ్చింది. స్టెంట్ వేసేటప్పుడు అవసరమైతే సెలైన్‌లా ఎక్కిస్తారు. అందులో విషం చుక్క కూడా ఉండదు! అలాగని పాము కాటు గుండెకు మేలనుకునేరు! కాటు పడితే ఆసుపత్రికే పరుగెత్తాలి!

ప్లేట్‌లెట్ల మీది ఈ ఇంటిగ్రిన్ పుట్టుకతోనే లేనివాళ్లూ ఉన్నారు! ప్రపంచంలో సుమారు 10 లక్షల మందిలో ఒకరు. జబ్బు పేరు గ్లాంజ్‌మన్ థ్రాంబస్తీనియా. మేనరికాలున్న చోట్ల ఇంకాస్త ఎక్కువ. మన దక్షిణాది కూడా ఆ లెక్కలోదే! చిత్రమేమిటో తెలుసా? రిపోర్టులో ప్లేట్‌లెట్ల సంఖ్య సరిగ్గానే ఉంటుంది. డెంగీ వచ్చినట్టు పడిపోదు. అయినా పిల్లాడి ముక్కు నుంచి కారే రక్తం ఓ పట్టాన ఆగదు!